పటం ముందు ముగ్గురు: చిత్రకారుడు, తత్త్వవేత్త, సామాజిక శాస్త్రవేత్త కలిసి పరిశోధన చేయాలంటే

నేను పనిచేసిన మొదటి ఉమ్మడి ప్రాజెక్టులో చిత్రకారిణిని పదో నెలలో పిలిచారు. అప్పటికి సర్వే ముగిసింది. రిపోర్టు సగం రాశాం. తత్త్వశాస్త్రం చెప్పే మాస్టారు ముందుమాట కూడా పంపేశారు. ఆమెకు మిగిలిన పని అట్ట మీద ఒక బొమ్మ, లోపల ఆరు బొమ్మలు. ఆమె రిపోర్టు మొత్తం చదివి ఒకే ప్రశ్న అడిగింది: "చెరువు గట్టు మీద ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారు? మగవాళ్లకు ఎదురుగానా, వీపు తిప్పుకునా?" బొమ్మ వేయాలంటే ఆ సంగతి తెలియాలి. ఇల్లిల్లూ తిరిగొచ్చిన మాలో ఒక్కరికీ తెలియదు. ఆ చెరువు మీద ఎవరికి ఎంత హక్కు ఉందో తేల్చడమే మా పరిశోధన.

ఆ ప్రశ్న మొదటి నెలలో వచ్చి ఉంటే మా పని ఇంకో దారిన నడిచేది. ఆ తర్వాత ఇలాంటి బృందాలతో చాలాసార్లు కూర్చున్నాను. ఎక్కువ చోట్ల అదే జరగడం చూశాను. ఒకరు లెక్కలు తెస్తారు, ఒకరు పెద్ద మాటలు తెస్తారు, ఒకరు అలంకరిస్తారు. దాన్ని ఉమ్మడి పరిశోధన అంటారు. నా దృష్టిలో ఉమ్మడి పరిశోధన అంటే ముగ్గురూ ఒకే వస్తువు ముందు మొదటి రోజే కూర్చోవడం, ఒకరి పనిచేసే పద్ధతిని ఇంకొకరు నిలదీయగలగడం. అది ఎలా చేయాలో అడుగు అడుగునా చెప్తాను.

మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుంటాను: తెలంగాణలోని చేర్యాల పటం. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ చిత్రకారులు వేసే ఈ పొడవాటి గుడ్డ చుట్టల మీద కులపురాణాలు ఉంటాయి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేది కూనపులి వాళ్లు. గౌడులకు గౌడజెట్టి వాళ్లు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చుల వాళ్లు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలి వాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగల వాళ్లు ఉన్నారు. వేసేది ఒకరు, చెప్పేది ఒకరు, వినేది ఇంకొకరు. ఒకే గుడ్డలో కళ, సత్యం గురించిన వాదన, కులాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం, మూడూ కలిసి ఉంటాయి. మీ వస్తువు వేరే కావచ్చు, మగ్గం కావచ్చు, ఊరి బస్టాండు కావచ్చు. మెట్లు ఇవే.

మొదటి అడుగు: మనుషుల కన్నా ముందు వస్తువు

"మనం ముగ్గురం కలిసి ఏదైనా చేద్దాం" అని మొదలైన ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం మీటింగుల్లోనే ఆగిపోతాయి. ముందు ఒక వస్తువును తేల్చుకోండి. చేత్తో ముట్టుకోగలిగేది, ఒక చోటుకు వెళ్లి చూడగలిగేది అయితే మంచిది. "ఆధునికత", "గుర్తింపు" లాంటివి వస్తువులు కావు. వాటి మీద కూర్చుంటే ఎక్కువ మాటలు వచ్చినవాళ్లే గెలుస్తారు, చిత్రకారుడు మౌనంగా టీ తాగుతాడు. పటం బల్ల మీద పరిస్తే అందరికన్నా ముందు వంగి చూసేది అతనే.

వస్తువు తేలాక మనుషులు. ఇక్కడ ఒక తప్పు దాదాపు అందరూ చేస్తారు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివిన వాళ్లను "కళాకారుడు" అని బృందంలోకి తీసుకుని, చేర్యాలలో పటాలు వేసే నకాశీ చిత్రకారుడిని "పరిశోధనాంశం" కింద రాసుకుంటారు. దయచేసి అలా చేయకండి. ఇద్దరూ ఉండొచ్చు. ఒకరే ఉండాల్సి వస్తే నకాశీ చిత్రకారుడే ఉండాలి.

తత్త్వవేత్త విషయంలోనూ అంతే. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పేవాళ్లే అయి ఉండక్కర్లేదు. తెలంగాణ పల్లెల్లో కదలనిదొక్కటే సత్యమనే అచల సిద్ధాంతం బోధించే గురువులు, వాగ్గేయకారుడు దున్న ఇద్దాసు తత్త్వాలు పాడి అర్థం విడమరిచి చెప్పే పెద్దవాళ్లు ఉన్నారు. ఉన్నది ఏది, లేనిది ఏది అన్న చర్చను రాత్రంతా నడిపే వాళ్లతో పోలిస్తే మనలో చాలామంది ఆలోచన తేలికపాటిదే.

ఇక నాలుగో మనిషి, కథకుడు. పటం అతని చేతిలోనే కథ అవుతుంది. అతన్ని "సమాచారం ఇచ్చే వ్యక్తి" అని రాసుకున్న రోజే సగం పరిశోధన పోయినట్టు. శీర్షికలో ముగ్గురు అని రాశాను కానీ, ఇక్కడి నుంచి నలుగురనే అనుకోండి.

రెండో అడుగు: ఎవరి ప్రశ్న వాళ్లు రాసి, పక్కవాళ్లకు ఇవ్వడం

మొదటి సమావేశంలో పరిచయాలు, ఉపన్యాసాలు పెట్టకండి. పటం పరిచి అరగంట చూడండి. తర్వాత ఒక్కొక్కరు ఒక పేజీలో తమ ప్రశ్న రాయాలి. రాయడం అలవాటు లేనివాళ్లు చెప్తే ఫోన్‌లో రికార్డు చేసి, వాళ్ల మాటల్లోనే ఎక్కించండి.

చిత్రకారుడు ఇలా అడగొచ్చు: వెనక అంతా ఎరుపే ఎందుకు? రాత్రి దీపం వెలుగులో చూడటానికా, ఆ రంగు చౌకగా దొరికేదా, ఆచారమా? తత్త్వవేత్త ప్రశ్న వేరు: జాంబ పురాణంలో జాంబవంతుడు భూమి పుట్టకముందే పుట్టాడంటారు. "అందరికన్నా ముందు మేమే" అని చెప్పే కథ నిజమా అబద్ధమా అని అడగొచ్చా? లేక అది సత్యం గురించి కాక గౌరవం గురించి చేసే వాదనా? సామాజిక శాస్త్రవేత్తది ఇంకో దారి: ఏ కథకుడి కుటుంబానికి ఏ ఊళ్ల మీద హక్కు ఉంది, ఆ ఊళ్ల నుంచి ఏడాదికి ఏం వస్తుంది, ఇప్పుడు రావడం మానేసిందేమిటి? కథకుడు బహుశా ఒక్క ప్రశ్నే అడుగుతాడు: ఈ పటం పాతబడింది, కొత్తది ఎవరు వేయిస్తారు?

ఇప్పుడు అసలు పని. కాగితాలు మార్చుకోండి. చిత్రకారుడి ప్రశ్నకు జవాబు వెతికే బాధ్యత సామాజిక శాస్త్రవేత్తది. సామాజిక శాస్త్రవేత్త ప్రశ్న చిత్రకారుడికి. తత్త్వవేత్త ప్రశ్న కథకుడికి. కథకుడి ప్రశ్న తత్త్వవేత్తకు. మొదటి నెలంతా ఎవరూ తమ సొంత ప్రశ్న మీద పనిచేయకూడదు. చెప్పడానికి తేలిగ్గా ఉంది కానీ చదువుకున్నవాళ్లకు ఇది చాలా కష్టం. నేను చూసిన బృందాల్లో రెండో వారానికే ఎవరో ఒకరు రహస్యంగా తమ ప్రశ్నకు తిరిగి వెళ్లిపోతారు. అయినా పట్టుబట్టండి. "కొత్త పటం ఎవరు వేయిస్తారు" అన్న ప్రశ్నతో నెల రోజులు తిరిగిన తత్త్వవేత్త ఆ తర్వాత పవిత్రత గురించి రాసే ప్రతి వాక్యం మారిపోతుంది.

లండన్‌లో బార్బరా స్టెవెనీ, జాన్ లేథమ్ 1966లో ఆర్టిస్ట్ ప్లేస్‌మెంట్ గ్రూప్ అనే సంస్థ మొదలుపెట్టారు. కళాకారులను ఫ్యాక్టరీల్లోకి, ప్రభుత్వ శాఖల్లోకి పంపడం వాళ్ల పని. వాళ్లు పెట్టిన షరతుల్లో నాకు బాగా నచ్చింది, వచ్చిన కళాకారుడు ఏం తయారు చేయాలో ముందే చెప్పకూడదన్నది. ముందు కొంతకాలం ఊరికే ఉండి చూడాలి, ఆ తర్వాతే ఏం చేయొచ్చో ప్రతిపాదించాలి. "సందర్భమే సగం పని" అనేవాళ్లు. మీ మొదటి నెలను కూడా ఈ షరతు కిందే నడపండి.

మూడో అడుగు: మాటల పట్టిక

దీనికి చాలామంది టైమ్ ఇవ్వరు. నేను మాత్రం రెండు పూర్తి రోజులు ఇమ్మంటాను. గోడకు పెద్ద చార్టు అంటించి, ఒకే మాటను నలుగురూ ఏ అర్థంలో వాడుతున్నారో రాయండి. తెలుగులో ఈ పని చేస్తే ఇంగ్లీషులో ఎప్పుడూ బయటపడని తేడాలు బయటపడతాయి.

"నమూనా" తీసుకోండి. సామాజిక శాస్త్రవేత్తకు నమూనా అంటే వేల ఇళ్లలోంచి ఎంచుకున్న కొన్ని ఇళ్లు. అవి మిగతా ఇళ్లన్నింటి తరఫునా మాట్లాడాలి. చిత్రకారుడికి నమూనా అంటే చూసి వేయడానికి ఎదురుగా పెట్టుకునే పాత పటం. ఒక బృందంలో "నమూనా సరిగా లేదు" అన్న మాట మీద గంటసేపు వాదన నడిచింది. ఒకరు ఇళ్ల ఎంపిక గురించి, ఇంకొకరు ఒక గీత వంకర గురించి మాట్లాడుతున్నారని తర్వాత తెలిసింది.

"అనుమానం" ఇంకా చిత్రమైనది. బజార్లో అనుమానం అంటే సందేహం, నమ్మకం లేకపోవడం. మన పాత తర్కశాస్త్రమైన న్యాయ దర్శనంలో అది నాలుగు ప్రమాణాల్లో, అంటే జ్ఞానం కలిగే మార్గాల్లో, ఒకటి. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అంటారు. అక్కడ అనుమానం అంటే పొగ చూసి నిప్పు ఉందని తేల్చుకోవడం, గట్టి జ్ఞానం. తత్త్వవేత్త కథకుడితో "మీరు చెప్పింది అనుమానం ద్వారా తెలుస్తోంది" అంటే ఆయన ముఖం ముడుచుకుంటుంది. తప్పు ఆయనది కాదు. ఇదే పట్టికలో "శబ్దం" కూడా రాయండి. నమ్మదగినవాళ్లు చెప్పిన మాట కూడా ప్రమాణమే అని ఒప్పుకున్న సంప్రదాయం మనకు ఉంది. కథకుడి మాటను "నోటిమాట, ఆధారం లేదు" అని పక్కన పెట్టే సర్వే మనిషికి ఇది గట్టి ఎదురు ప్రశ్న. కులపురాణం విషయంలో నమ్మదగినవాళ్లు అంటే ఎవరు? ఎవరికి నమ్మదగినవాళ్లు? ఈ ఒక్క మాట మీద మంచి పరిశోధనా పత్రం వస్తుంది.

"వర్ణం" అంటే ఒకరికి రంగు, ఒకరికి చాతుర్వర్ణ్యంలో వర్ణం, ఇంకొకరికి అక్షరం. "పటం" అంటే పటం కథలో గుడ్డ, భూగోళం క్లాసులో మ్యాపు, ఇంట్లో గోడకు వేలాడే దేవుడి ఫోటో. "కథ" అంటే మనలో చాలామందికి కల్పన. డక్కలి కథకుడి ముందు ఆ అర్థంలో ఆ మాట వాడి చూడండి, మీ తర్వాతి ప్రశ్నకు జవాబు రాదు.

ఈ పట్టికను చెరపకండి. నెలకోసారి దాని ముందు నిలబడి ఏ మాట అర్థం మారిందో కొత్త రంగు స్కెచ్‌పెన్‌తో దిద్దండి.

నాలుగో అడుగు: డబ్బు, పేరు, హక్కు కాగితం మీద

స్నేహంగా ఉన్నాం కదా, ఇవన్నీ తర్వాత చూద్దాం అనుకుంటారు. ఆ మాట అనేది ఎప్పుడూ నెల జీతం ఉన్నవాళ్లే.

మొదట డబ్బు. మన దేశంలో నిధులు ఇచ్చే సంస్థలే విడివిడిగా ఉన్నాయి. సామాజిక శాస్త్రాలకు 1969లో ఏర్పడిన ఐసీఎస్ఎస్ఆర్, తత్త్వశాస్త్రానికి ఐసీపీఆర్, చిత్రకళకు లలిత కళా అకాడమీ. కళలకు సంబంధించిన పరిశోధనకు బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ గ్రాంట్లు ఇస్తుంది. ఎవరి దరఖాస్తు ఫారం వాళ్ల శాస్త్రం భాషలోనే ఉంటుంది కాబట్టి డబ్బు ఎవరి పేరు మీద వస్తే ప్రాజెక్టు వాళ్ల వైపు ఒరుగుతుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. డబ్బు ఎవరి ఖాతాలో పడినా, ఖర్చు మీద నలుగురి సంతకాలూ ఉండేలా మొదట్లోనే రాసుకోండి. చిత్రకారుడికీ కథకుడికీ బొమ్మకింత, కథకింత అని లెక్కకట్టకుండా ప్రాజెక్టు నడిచినన్ని నెలలూ నెలకింత అని ఇవ్వండి. ప్రొఫెసర్‌కు ఆలోచించే టైమ్‌కు కూడా జీతం వస్తున్నప్పుడు, చిత్రకారుడికి కుంచె కదిలిన గంటలకే డబ్బు ఇవ్వడం న్యాయం కాదు. ఇంకో విషయం: సంస్థల నుంచి డబ్బు నెలల తరబడి ఆలస్యం అవుతుంది. ఆ టెన్షన్ తట్టుకునే శక్తి అందరికీ ఒకేలా ఉండదు. మొదటి మూడు నెలల మొత్తం చేతిలో పడేదాకా చేర్యాలకు బస్సెక్కకండి.

తర్వాత హక్కు. భారత కాపీరైట్ చట్టం, 1957 గురించి చాలామంది పరిశోధకులకు తెలియని సంగతి ఒకటుంది. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్ మీద, వేరేగా ఒప్పందం లేకపోతే, కాపీరైట్ వేయించుకున్నవాళ్లకే దక్కుతుందని 17వ సెక్షన్ చెప్తుంది. అంటే మీరు ఏమీ రాసుకోకపోతే, నకాశీ చిత్రకారుడు మీ ప్రాజెక్టు కోసం వేసిన పటం బొమ్మలను రేపు మీ సంస్థ క్యాలెండర్ మీద వేసుకున్నా అతను అడ్డుకోవడం కష్టం. ఇది మార్చడానికి ఒక్క వాక్యం చాలు: "ఈ చిత్రాల కాపీరైట్ చిత్రకారుడిదే, ప్రాజెక్టుకు ఫలానా పనులకు వాడుకునే అనుమతి మాత్రమే ఉంది." హక్కు రాసిచ్చేటప్పుడు ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లుగా, ఎంత ప్రాంతమో రాయకపోతే భారతదేశం మేరకే అని 19వ సెక్షన్ లెక్కేస్తుంది. కాబట్టి రెండూ రాయండి. 57వ సెక్షన్ కింద ఈ బొమ్మ వేసింది నేనే అని చెప్పుకునే హక్కు, దాన్ని తన పరువు పోయేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు, ఈ రెండూ హక్కులన్నీ రాసిచ్చాక కూడా చిత్రకారుడి దగ్గరే ఉంటాయి. కథకుడి ప్రదర్శనను రికార్డు చేయడానికి 38వ సెక్షన్ నుంచి మొదలయ్యే ప్రదర్శకుల హక్కులు వర్తిస్తాయి. ఒప్పందం తెలుగులో ఉండాలి. చదివి వినిపించాలి. ఇంటికి తీసుకెళ్లి ఎవరితోనైనా చూపించుకోవడానికి వారం గడువు ఇవ్వాలి.

చివరిది పేరు. వ్యాసం మీద ఎవరి పేరు, ఏ వరసలో అన్నది పని మొదలుకాకముందే తేల్చండి. "సహకరించిన వారికి కృతజ్ఞతలు" అన్న పేరాలో కథకుడిని పెడితే, మీరు నలుగురు కలిసి చేశామని చెప్పుకోవడం అబద్ధం అవుతుంది.

ఐదో అడుగు: కలిసి వెళ్లండి, విడిగా రాయండి

ఫీల్డ్‌కి నలుగురూ ఒకే రోజు వెళ్లాలి. చిత్రకారుడు ఒకసారి, సర్వే టీమ్ ఒకసారి వెళ్తే రెండు వేర్వేరు ఊళ్లు చూసి వస్తారు.

గుడ్డ తయారయ్యే రోజుతో మొదలుపెట్టండి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజలు ఉడకబెట్టి తీసిన అంబలి, జిగురు కలిపి పూస్తారు. ఆరబెట్టి మళ్లీ పూస్తారు. చింతగింజలను నానబెట్టి, రుబ్బి, గంటల తరబడి ఉడికిస్తే వచ్చే ఆ చిక్కని అంబలిని వేలితో తాకి చూడండి. చేతికి పట్టుకుంటే వదలదు. తత్త్వవేత్తను ఒక పూత వేయమనండి. ఎక్కువ దట్టంగా పడితే గుడ్డ చుట్టినప్పుడు పగులుతుంది, పలచగా పడితే రంగు లోపలికి ఇంకిపోతుంది. 30 అడుగులు దాటే గుడ్డను ఏళ్ల తరబడి చుట్టి విప్పి వాడాలి కాబట్టి ఈ పూతే దానికి ప్రాణం. పటం చుట్టడానికే పుట్టిందన్న సంగతి ఇక్కడ చేతికి తెలుస్తుంది. ఫ్రేములో బిగించి డ్రాయింగ్ రూములో పెట్టే చిన్న బొమ్మకు ఈ పూత అంత అవసరం లేదు. కొనేవాళ్లు కథకుల నుంచి టూరిస్టులకు, ఎంపోరియంలకు మారినప్పుడు పూత ఎలా మారిందని అడిగితే, సామాజిక శాస్త్రవేత్త ప్రశ్నపత్రంలో ఎప్పుడూ లేని ప్రశ్న పుడుతుంది. ప్రశ్నపత్రాన్ని ఆ రాత్రే మార్చండి.

తర్వాత కథ చెప్పే రాత్రి. పటాన్ని వేలాడదీసి, చుట్ట విప్పుతూ, ఒక్కో బొమ్మను చూపిస్తూ కథకుడు పాడతాడు, మాట్లాడతాడు. పెద్ద కథలు ఒక రాత్రితో తెగవు. ఆ రాత్రి ఎవరూ వీడియో స్టాండ్ వెనక నిలబడకండి, దానికి ఒక మనిషిని పెట్టుకోండి. చిత్రకారుడు రాసుకోవాలి. తత్త్వవేత్త, ఎంత వంకరగా వచ్చినా సరే, బొమ్మలు గీయాలి. సామాజిక శాస్త్రవేత్త నోట్‌బుక్ మూసి చూడాలి. ఎవరు ముందు వరసలో కూర్చున్నారు, కథలో తమ కులం పేరు వచ్చినప్పుడు ఎవరు సర్దుకుని కూర్చున్నారు, డబ్బు ఎప్పుడు ఇచ్చారు, ఇచ్చినవాళ్ల పేరు కథకుడు కథలోకి ఎలా తెచ్చాడు, ఇవన్నీ చూడాలి.

అదే రాత్రి, పడుకునే ముందు, ఎవరికివారు పేజీ రాయాలి. ఒకరిది ఒకరికి చూపించకూడదు. పొద్దున్నే టిఫిన్ దగ్గర పైకి చదవాలి. నలుగురి పేజీల్లో ఎక్కడ పొంతన కుదరదో అక్కడ పెన్సిల్‌తో గీత గీయండి. ఆ గీతలే మీ రాబోయే ఆరు నెలల పని.

ఢిల్లీలో దీనికి దగ్గరగా ఒక మంచి ప్రయత్నం జరిగింది. రజనీ కొఠారి 1963లో స్థాపించిన సీఎస్‌డీఎస్ పరిశోధనా కేంద్రంలో 2000లో సరాయ్ అనే కార్యక్రమం మొదలైంది. రాక్స్ మీడియా కలెక్టివ్ కళాకారులు జీబేష్ బాగ్చీ, మోనికా నరూలా, శుద్ధబ్రత సేన్‌గుప్తా, అక్కడి పరిశోధకులు రవి వాసుదేవన్, రవి సుందరం కలిసి దాన్ని నడిపారు. 2001లో అంకుర్ అనే విద్యా సంస్థతో కలిసి సైబర్‌మొహల్లా పేరుతో బస్తీల్లో చిన్న ల్యాబులు పెట్టారు. అక్కడి పిల్లలు, యువత రోజూ తమ గల్లీ గురించి రాశారు, శబ్దాలు రికార్డు చేశారు, ఒకరిది ఒకరికి చదివి వినిపించారు. వాళ్ల నుంచి డేటా తీసుకెళ్లి ఇంకెవరో రాయలేదు. రాసింది వాళ్లే, అచ్చులో పేర్లూ వాళ్లవే. 2006లో నాంగ్లా మాంచీ బస్తీని కూల్చినప్పుడు ఆ కూల్చివేత ఎలా ఉంటుందో లోపలి నుంచి రాయగలిగినవాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు. రోజూ రాసే అలవాటు ఏళ్లుగా లేకపోతే ఆ రాతలు వచ్చేవి కావు.

ఆరో అడుగు: చేసి చూడటం

ఇంతవరకు చూశాం, విన్నాం, రాశాం. ఇప్పుడు పటంలో లేని ఒక బొమ్మ అడగండి. ఉదాహరణకు, కథ వింటున్న కులంవాళ్లే పటంలో కనిపించే గడి (గడి అంటే పటంలో ఒక్కో బొమ్మకు ఉండే చోటు). లేదా పటం వేస్తున్న నకాశీ చిత్రకారుడే పటంలో ఉన్న గడి. చిత్రకారుడు వేయొచ్చు, వేయనని అనొచ్చు. "గడుల వరస నాది కాదు, కథ చెప్పేవాళ్లది" అని అంటే, కర్త ఎవరన్న తత్త్వవేత్త ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు దొరకదు. వద్దన్న కారణాన్ని, వేస్తే మొదటి గీత నుంచి చివరిదాకా దిద్దుబాట్లను, రెండింటినీ అంతే శ్రద్ధగా రాసుకోండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎవరికైనా నచ్చని బొమ్మను బలవంతంగా వేయించకండి. కులం పేరుతో ముడిపడిన కథలో ఒక తప్పు గడికి మీరు హైదరాబాద్ వచ్చేశాక అక్కడ ఉన్నవాళ్లే జవాబు చెప్పుకోవాలి.

ఏడో అడుగు: గొడవను దాచకండి

గొడవ వస్తుంది. ఎక్కువగా నాలుగో ఐదో నెలలో వస్తుంది. తత్త్వవేత్త మాటలు గాల్లో ఉన్నాయని ఒకరు, సర్వే మనుషుల్ని అంకెలు చేస్తోందని ఇంకొకరు అంటారు. ఆ రోజు రాజీ కుదర్చకండి, రికార్డు చేయండి.

పారిస్‌లోని లా విలెట్ పార్కు కోసం ఆర్కిటెక్టు పీటర్ ఐజన్‌మన్, తత్త్వవేత్త జాక్ డెరిడా 1985 నుంచి కలిసి ఒక తోట రూపొందించే పని చేశారు. తోట ఎప్పుడూ కట్టలేదు. వాళ్ల సంభాషణలు, గీతలు మాత్రం పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకం రాకముందే డెరిడా ఐజన్‌మన్ ఆలోచనను సూటిగా ప్రశ్నిస్తూ బహిరంగంగా ఉత్తరం రాశాడు. ఆ తోటకన్నా ఆ మాటలే నేటికీ చదువుతున్నారు. మీ గొడవ కూడా ఫలితమే అనుకుని, తేదీ వేసి భద్రపరచండి.

అయితే ఒక తేడా చూసుకోవాలి. ఆలోచనల మీద వచ్చిన గొడవను రికార్డు చేయాలి. మర్యాద మీద వచ్చిన గొడవను అప్పటికప్పుడే ఆపాలి. కథకుడిని ఏకవచనంలో పిలవడం, చిత్రకారుడు నేల మీద కూర్చుంటే మిగతావాళ్లు కుర్చీల్లో కూర్చోవడం లాంటివి చర్చకు పెట్టే విషయాలు కావు. "గారు" అందరికీ గారే.

ఎనిమిదో అడుగు: ముందు ఎవరికి చూపిస్తారు

జర్నల్‌కి పంపే ముందు, గ్యాలరీకి ముందు, చేర్యాలలో చూపించండి. 1960 వేసవిలో పారిస్‌లో మానవ శాస్త్రవేత్త, సినిమా దర్శకుడు జాన్ రూష్, సామాజిక శాస్త్రవేత్త ఎడ్గార్ మోరాన్ కలిసి మామూలు మనుషులను "మీరు సంతోషంగా ఉన్నారా?" అని అడుగుతూ సినిమా తీశారు. తీసినదాన్ని అందులో ఉన్నవాళ్లకే చూపించారు. వాళ్లు ఇది నిజం, ఇది నటన అని ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. ఆ వాదననూ సినిమాలో పెట్టారు. మీరూ అదే చేయండి. వ్యాసం తెలుగు చిత్తుప్రతిని కథకుడి ఇంటి ముందు చదవండి. అభ్యంతరం వస్తే మార్చండి, మార్చలేకపోతే ఆ అభ్యంతరాన్ని పేరుతో సహా వ్యాసంలో ఉంచండి.

రూపం ఒకటే ఉండక్కర్లేదు. హైదరాబాద్‌లోని అన్వేషి స్త్రీల అధ్యయన కేంద్రం పాఠ్యపుస్తకాల్లో ఏ బాల్యాలు కనిపించడం లేదన్న పరిశోధన మీద పనిచేసి, దాని నుంచి రచయితలు, చిత్రకారులతో పిల్లల కథల పుస్తకాలు తెచ్చింది. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు లాంటివాళ్లు అందులో రాశారు. ఒక దళిత బాలికను జాలి పుట్టించకుండా ఎలా గీయాలన్నది పరిశోధన ప్రశ్న ఎంతవుతుందో చిత్రకళ ప్రశ్నా అంతే అవుతుంది. మీ ఫలితం కూడా ఒక వ్యాసం, ఒక పటం, బడి పిల్లలకు ఒక చిన్న పుస్తకం, ఇలా మూడు రూపాల్లో రావొచ్చు. ఇంగ్లీషు వ్యాసం అవసరమే, విశ్వవిద్యాలయంలో ఉద్యోగాలు దానితోనే నడుస్తాయి. అది మొదటిది కానక్కర్లేదు.

చివరి పని: తిరిగి ఇవ్వడం

పాతబడిన పటాన్ని కథకులు పూజ చేసి నీళ్లలో కలిపే ఆచారం ఉంది. మ్యూజియం మనిషి గుండె ఆగిపోయే విషయం ఇది. ఈ పరిస్థితి మీకు ఎదురైతే ఏం చేయాలో ప్రాజెక్టు ముగిసే రోజున ఆలోచిస్తే ఆలస్యం అవుతుంది. రెండో నెలలోనే నలుగురూ కూర్చుని మాట్లాడండి. నా మాట మాత్రం ఇది: నిర్ణయం పటం ఎవరిదో వాళ్లది. అనుమతి ఇస్తే ప్రతి గడినీ మంచి వెలుగులో ఫోటో తీయండి, వెనకవైపు కూడా తీయండి. కొత్త పటం వేయించడానికి ప్రాజెక్టు డబ్బులోంచి కొంత మొదటి రోజే విడిగా పెట్టండి. కథకుడి తొలి ప్రశ్నకు జవాబు అదే.

ఫోటోలు, రికార్డింగులు, నలుగురి రాత్రి పేజీలు, గోడ మీది మాటల పట్టిక ఫోటో, అన్నీ మూడు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించండి. ఒకటి సంస్థకు, ఒకటి చిత్రకారుడికి, ఒకటి కథకుడికి. కథకుడి ఇంట్లో కంప్యూటర్ లేకపోతే పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి ఎలా పెట్టాలో అక్కడే కూర్చుని చూపించండి. కథ చెప్పిన రాత్రి ఆయన గొంతు టీవీలోంచి వచ్చేదాకా బయలుదేరకండి.